ఆ బోర్డు మీద ‘పైజామా’ ఉండాల్సిన మాటేనా?

గుంపులోని పెద్దలందరికీ నమస్కారం. నా ప్రశ్న ఒక మాట గురించే గానీ, అది పుట్టింది మాత్రం ఒక హోటల్ గుమ్మంలో.

ఈమధ్య పని మీద వెళ్ళి ఒక హోటల్లో రెండు రాత్రులు దిగాను. పొద్దున్నే టిఫిన్ పెట్టే హాలు గుమ్మం పక్కన రెండు భాషల్లో బోర్డు ఉంది. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగు వాక్యం ఇది: ‘అతిథులు దయచేసి పైజామాలు ధరించి లోపలికి రాకూడదు.’ (‘దయచేసి’ అన్నాక ‘రాకండి’ అనాలి గానీ ‘రాకూడదు’ అనడమేమిటి? ఆ సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం.)

నా ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి లాల్చీ, తెల్లటి పైజామా, రెండూ గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి. మోకాలి దగ్గర మడత గీత ఇంకా చెదరలేదు. ఆయన బోర్డు చదివారు. తల వంచి ఒకసారి తన కాళ్ళకేసి చూసుకున్నారు. గుమ్మం దగ్గరున్న కుర్రాడు ఏమీ అనలేదు, అసలు చూడనే లేదు. ఆయన మాత్రం మారు మాట లేకుండా వెనక్కి తిరిగి లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. రెండు నిమిషాలైనా కాకముందే నలిగిన టీషర్టు, రంగు వెలిసిన నిక్కరుతో ఒకతను కళ్ళు నులుముకుంటూ వచ్చి నేరుగా లోపలికి వెళ్ళాడు. అతని చెంప మీద దిండు అచ్చు ఇంకా పోలేదు. బోర్డులో నిక్కరు మాట లేదు కదా, ఎవరూ ఏమీ అనలేదు.

నాకు మనసు ఆగలేదు. మేనేజరుని పిలిచి, ‘బాబూ, ఆ పెద్దాయన వేసుకున్నది నాలుగిళ్ళకి వెళ్ళే బట్టలు. మీ బోర్డు ఆయన గురించి రాసింది కాదు, ఫోన్ చేసి రమ్మనండి’ అన్నాను. అతను పాపం వెంటనే చేశాడు. ఆయన అప్పటికే గదికి తెప్పించుకున్నారట. అప్పుడా మేనేజరు నన్నడిగాడు: ‘మరి తెలుగులో ఏమని రాయమంటారు సార్?’ నిలబడ్డచోట నాకు మాట తోచలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

నాకు తెలిసింది ముందు చెబుతాను. పైజామా పారసీ (పర్షియన్) మాట. ‘పాయ్’ అంటే కాలు, ‘జామా’ అంటే ఉడుపు. కాలికి తొడిగేది కాబట్టి పాయ్‌జామా. అది మన నోట పడి ‘పై’ అయ్యేసరికి పైబట్ట, పైపంచల వరసలో చేరిపోయింది. నడుము కింద వేసుకునేదానికి ‘పై’ ఏమిటని చిన్నప్పుడు నేనూ తికమకపడ్డాను. ఈ ‘పాయ్’ మన ఇళ్ళలో ఇంకోచోట కూడా ఉంది. హాల్లో వేసుకునే టీపాయ్‌కీ తాగే టీకీ చుట్టరికం లేదు. హిందీలో ‘తిపాయీ’ అంటే మూడు కాళ్ళది, అచ్చం మన ముక్కాలిపీట లాంటి మాట. పాయఖానాలోనూ ఆ కాలే ఉంది. సిపాయిలో మాత్రం లేదు. అది ‘సిపాహ్’ నుంచి వచ్చింది, అంటే సైన్యం.

పైజామా ఇక్కడ పగటి బట్టే. ఈ దేశానికి వచ్చిన తెల్లవాళ్ళు దాన్ని చూసి, ఇంట్లో ఒళ్ళు తేలిగ్గా ఉండటానికీ పడుకోవడానికీ వాడుకున్నారు. ఇక్కడి తెల్లవాళ్ళ ఇంగ్లీషులో చేరిన మన మాటల్ని పోగుచేసి 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ సంగతి రాసే ఉంది. అక్కణ్ణుంచి వాళ్ళ దేశానికి వెళ్ళి, అక్కడి మగవాళ్ళు అప్పటిదాకా పడుకునేటప్పుడు వేసుకునే పొడవాటి చొక్కా స్థానంలో స్థిరపడింది. ఇంగ్లీషువాడి పైజామాకి మంచం వాసన అలా అంటింది. మన పైజామాకి ఆ వాసన లేదు. మాట ఒకటే అయినా బతుకులు రెండు. ఆ బోర్డు రాసినాయన ఇంగ్లీషు మాటని తెలుగు లిపిలో పెట్టాడు. తెలుగులో ఆ మాట అప్పటికే వేరే పనిలో ఉందని ఆయనకి తట్టలేదు.

మరి ఏం రాయాలి?

ఒక మాస్టారు:
ఇంత ఆలోచన దేనికి? ‘రాత్రి దుస్తులు’ అనండి. పత్రికల్లో చాలాకాలంగా ఉన్న మాటే.

నేను:
మాస్టారూ, నాకూ మొదట తట్టింది అదే. కానీ ఆ మాటని మన ‘రాత్రి’ సమాసాల పక్కన పెట్టి చూడండి. రాత్రి బడి, రాత్రి కాపలా, రాత్రి భోజనం, రాత్రి ప్రయాణం. వీటన్నిటిలో రాత్రి అంటే మనిషి మేలుకుని ఏదో ఒకటి చేసే సమయం. ఆ లెక్కన రాత్రి దుస్తులంటే రాత్రిపూట జరిగే వేడుకకి వేసుకెళ్ళేవి అనిపిస్తుంది నా చెవికి. నిద్ర అనే ముక్క ఆ మాటలో ఎక్కడా లేదు. పత్రికలో చుట్టూ వార్త ఉంటుంది కాబట్టి అర్థమైపోతుంది. బోర్డుకి ఆ ఆసరా ఉండదు.

ఒక అక్క:
తమ్ముడూ, ‘నైట్ డ్రెస్’ అని రాసేయ్. అదిప్పుడు తెలుగే. చదివినవాడికి అర్థం కావడం కన్నా బోర్డుకి ఇంకేం కావాలి?

నేను:
అక్కా, వచ్చి చేరిన మాటలతో నాకు పేచీ లేదు. బస్సుకీ రైలుకీ తెలుగు వెతకమని నేనెప్పుడూ అనను. ఇక్కడ చిక్కు వేరు. నైట్ డ్రెస్ అంటే ఏ బట్ట? ఒకరికి చుక్కల చొక్కా, దానికి జతైన ప్యాంటు. ఇంకొకరికి ట్రాక్ ప్యాంటు, పాత టీషర్టు. ఆ ట్రాక్ ప్యాంటే పొద్దున నడకకీ, ఆ ట్రాక్ ప్యాంటే రైల్లోకీ. నైటీ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు, పేరులో రాత్రి పెట్టుకుని పగలంతా ఒంటి మీద ఉండే బట్ట అది. కాబట్టి బట్టకి పేరు పెట్టి ‘ఇది రావద్దు’ అన్నంతకాలం ఎవరో ఒక పెద్దాయన వెనక్కి తిరుగుతూనే ఉంటారు, నిక్కరతను లోపలికి వెళుతూనే ఉంటాడు.

ఇంకొకరు:
‘పడక బట్టలు’ ఎలా ఉంటుంది? నిద్ర వచ్చింది కదా మాటలో.

నేను:
నిద్ర వచ్చింది, మంచిదే. కానీ ‘పక్కబట్టలు’ అనేది మనకి ముందే ఉంది. దుప్పటి, దిండుగలీబు, పరుపు మీది గుడ్డ అన్నీ అందులోకే వస్తాయి. పడక బట్టలు విన్నవెంటనే చెవి అటే పోతుంది.

ఒక కుర్రాడు:
పదం సంగతి తర్వాత, అన్నా. డబ్బు కట్టి దిగినవాణ్ణి ఏ బట్టల్లో తినాలో చెప్పడమేంటి? రెండు రోజులకైనా అది వాడి ఇల్లే. ఇంట్లో ఎలా ఉంటాడో అలాగే వస్తాడు. బోర్డే తీసేయమని చెప్పాల్సింది.

నేను:
తమ్ముడూ, నువ్వు పదాన్ని పక్కన పెట్టానన్నావు గానీ నీ వాదన మొత్తం ఒక పదం మీదే నిలబడింది: ఇల్లు. దాని గురించే మాట్లాడుకుందాం.

తెలుగులో మనం బట్టల్ని పగలు, రాత్రి అని విడదీయం. ‘ఇంట్లో కట్టుకునేవి’, ‘బయటికి కట్టుకునేవి’ అంటాం. మన లెక్క పొద్దుని బట్టి ఉండదు, గడపని బట్టి ఉంటుంది. అందుకే ఈ ప్రశ్న ఇంగ్లీషులో ‘పడుకునే బట్టలతో వెళ్ళొచ్చా’ అని ఉంటే, తెలుగులోకి వచ్చేసరికి ‘ఆ హాలు ఇంటి లోపలిదా, బయటిదా’ అని మారిపోతుంది. ఈ గడప లెక్క మనకొక్కరికే ఉందనుకోకు. చైనాలోని షాంఘైలో 2010లో ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన జరగబోయే ముందు, వీధిలోకి పైజామాలతో రావద్దని ఒక నినాదం నడిపారు. ‘పడుకునే బట్టలు గుమ్మం దాటవు’ అని దాని మొదటి ముక్క భావం. అక్కడా గుమ్మమే కొలత.

జపాన్ సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ వేడినీటి ఊటలున్న ఊళ్ళలో పాతకాలపు బసల్లో దిగితే గదిలోనే యుకతా అనే తేలికపాటి నూలు అంగీ ఇస్తారు. స్నానానికి వెళ్ళినా, రాత్రి తినడానికి కూర్చున్నా, పడుకున్నా, పొద్దున మళ్ళీ తినడానికి వచ్చినా అదే. తప్పు లేదు, ఎందుకంటే ఆ బస మొత్తం ఒకే ఇల్లు. అదే జపాన్‌లో నగరాల్లోని చాలా హోటళ్ళలో, గదిలో పెట్టిన పడక ఉడుపుతో, గది చెప్పులతో బయటికి రావద్దని చీటీ ఉంటుంది. దేశం ఒకటే, బట్ట కూడా ఇంచుమించు ఒకటే. మారింది గడప. మొదటిచోట గడప వీధిలో ఉంది, రెండోచోట గది తలుపు దగ్గరే ఉంది.

ఇంకో చిక్కు ‘హోటల్’ అనే మాటలోనే ఉంది. ఇంగ్లీషులో హోటల్ అంటే ముందు మంచం. హోటల్, హాస్టల్, హాస్పిటల్ మూడూ అతిథికి ఆశ్రయమిచ్చే చోటనే అర్థమున్న ఒకే లాటిన్ మాట పిల్లలు. మన వాడుకలో ‘హోటల్‌కి వెళ్దాం’ అంటే తినడానికే. పడుకోవడానికైతే లాడ్జి, బస, విడిది, సత్రం అని వేరే మాటలున్నాయి. నీకు మంచం ఉన్న హోటల్ గుర్తొచ్చి ‘నా ఇల్లే కదా’ అనిపించింది. నాకు బల్లలున్న హోటల్ గుర్తొచ్చి ‘నలుగురూ తినే చోటు కదా’ అనిపించింది. ఇద్దరం ఒకే మాట అన్నాం గానీ ఒకే చోటులో నిలబడి లేం.

నా మనసులో మాట అడిగితే, గది నీ ఇల్లు. అక్కడ ఎలా ఉన్నా, ఏమి తెప్పించుకు తిన్నా ఒకరు అనడానికి లేదు. వరండాలో అడుగు పెడితే బయటే. పక్క బల్ల దగ్గర కూర్చున్నావిడ నీ ఇంటి మనిషి కాదు, ఆవిడ ముందు నువ్వు పాచిమొహంతో కూర్చోవు కదా, బట్ట కూడా అంతే. చంటిపిల్లల్ని లెక్కలోకి తీసుకోను, వాళ్ళని ఎలా తెచ్చినా ముద్దే. ఒంట్లో బాగాలేనివాళ్ళనీ అడగకూడదు. అర్ధరాత్రి ఫైర్ అలారం మోగితే కట్టుబట్టలతో కిందికి పరిగెత్తుతాం, అప్పుడూ ఎవరూ చూడరు. మిగతా వేళల్లో మార్చుకుని రావడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఒక అమ్మ:
బాబూ, నేను భాషా పండితురాలిని కాను. మేం ఇంట్లో పిల్లల్ని ‘లేచిన బట్టలతోనే కూర్చున్నావేం, మార్చుకుని రా’ అంటాం. మీరు వెతికేది ఇదేనా?

నేను:
అమ్మా, ఇదే. పొద్దుట్నుంచి మేమందరం బట్టకి పేరు వెతుకుతున్నాం, మీరు బట్టకి ఏం జరిగిందో చెప్పారు. తెలుగు బట్టల్ని ఎప్పుడూ అలాగే పిలుస్తుంది. విడిచిన బట్టలు, ఉతికిన బట్టలు, మాసిన బట్టలు, తడిబట్టలు, కట్టుబట్టలు. కుట్టు ఎలాంటిదో, గుడ్డ ఏదో వీటిలో దేనిలోనూ లేదు. ఆ బట్ట ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నదే ఉంది. ‘లేచిన మొహం’ ఉన్నట్టే ‘లేచిన బట్టలు’. ఈ మాటకి ఆ పెద్దాయన పైజామా దొరకదు, ఎందుకంటే అది ఇస్త్రీ విప్పి అప్పుడే తొడిగింది. నిక్కరు మాత్రం దొరుకుతుంది. ట్రాక్ ప్యాంటు కూడా, రాత్రి దానితోనే పడుకున్నవాడికి అది లేచిన బట్ట, మార్చుకుని వేసుకున్నవాడికి కాదు.

బోర్డు మీద విడిగా ‘లేచిన బట్టలు’ అంటే కొత్తవాళ్ళకి అందకపోవచ్చు కాబట్టి ముందు ఒక్క మాట చేర్చాను: ‘పడుకుని లేచిన బట్టలు మార్చుకుని రావలసిందిగా మనవి.’ ‘రావద్దు’ పోయి ‘రండి’ వచ్చింది, అది నాకు ఇంకా నచ్చింది.

మాస్టారు:
‘రావలసిందిగా మనవి’ మరీ ఆఫీసు కాగితంలా ఉంది. ‘మార్చుకుని రండి’ చాలు. ఆవిడ అన్నది కూడా అదే.

నేను:
ఒప్పుకున్నాను మాస్టారూ. ‘పడుకుని లేచిన బట్టలు మార్చుకుని రండి.’ నిన్న సాయంత్రమే ఆ మేనేజరుకి పంపాను. ఇవాళ పొద్దున ఫోటో పెట్టాడు. కొత్త బోర్డుకి వారం పడుతుందట. అందాకా పాతదాని మీద ‘పైజామాలు’ అన్నచోట తెల్ల కాగితం అంటించాడు.