ఇటలీ యూనియన్లకు ‘అనుబంధ సంఘం’ అనే మాట సరిపోతుందా?

ఇటలీ కార్మిక సమాఖ్య సీజీఐఎల్‌ని తెలుగులో ‘కమ్యూనిస్టు పార్టీ అనుబంధ కార్మిక సంఘం’ అని రాయొచ్చా అని అడిగారు కదా. ఏ కాలం గురించో చెప్పకుండా అలా రాయడం తప్పని నా ఉద్దేశం. ఏఐటీయూసీ అంటే సీపీఐ, సీఐటీయూ అంటే సీపీఎం, ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్ అని మనకి నోటికొచ్చేసింది కాబట్టి ఆ మాటని ఎక్కడైనా తగిలించేస్తాం.

1944 జూన్‌లో రోమ్ ఒప్పందంతో ఒకే సంఘంగా నిలబడినప్పుడు సీజీఐఎల్‌లో కమ్యూనిస్టులు, సోషలిస్టులు, క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు అందరూ ఉన్నారు. 1948 జులైలో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు తొల్యాత్తి మీద కాల్పులు జరిగి సార్వత్రిక సమ్మె మొదలయ్యాక, ఇది రాజకీయ సమ్మె అంటూ కాథలిక్ వర్గం విడిపోయింది. 1950కల్లా క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీకి దగ్గరగా సీఐఎస్‌ఎల్, సోషల్ డెమోక్రాట్లు, రిపబ్లికన్లతో యూఐఎల్ అనే వేరే సంఘాలు ఏర్పడ్డాయి.

పార్టీకీ యూనియన్‌కీ ఉన్న ఇలాంటి సంబంధానికి ఇటాలియన్‌లో వాడే మాట ‘చింగియా ది త్రస్మిస్సియోనే’, అంటే ఇంజను తిరుగుడుని చక్రాలకి అందించే బెల్టు. పార్టీ ఇంజను, యూనియన్ బెల్టు అన్నమాట, లెనిన్ కాలం నాటి పోలిక. మన ‘అనుబంధం’లో లేని అర్థం ఇందులో ఉంది, ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో చెప్పేస్తుంది. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఆ పోలికని వదిలేయాలని 1956 డిసెంబరులో పార్టీ మహాసభలోనే చెప్పింది సీజీఐఎల్ నాయకుడు ది విత్తోరియో, పైగా ఆయన కమ్యూనిస్టు. అప్పటికి కొన్ని వారాల ముందే హంగరీలో సోవియట్ జోక్యాన్ని సీజీఐఎల్ తప్పుబట్టింది, పార్టీ మాత్రం మాస్కోని సమర్థించింది. ఒత్తిడి వచ్చి ఆయన తర్వాత కొంత తగ్గారు, నిజమే, కానీ బెల్టు అయితే ఆ మాత్రం కూడా ఎదురుతిరగదు కదా.

1969లో యూనియన్ నాయకత్వంలో ఉన్నవాళ్లు పార్లమెంటు సీటు ఉంచుకోకూడదని సీజీఐఎల్ నియమం పెట్టుకుంటే లూచానో లామా తన సీటు వదిలేశారు. అయినా పార్టీ గీతలు చెరిగిపోలేదు. 1984లో ధరలతో పాటు జీతం పెరిగే పద్ధతికి సోషలిస్టు ప్రధాని క్రాక్సీ ప్రభుత్వం కోత పెడితే సీఐఎస్‌ఎల్, యూఐఎల్, సీజీఐఎల్‌లోని సోషలిస్టులు సరేనన్నారు, సీజీఐఎల్ కమ్యూనిస్టులు ఒప్పుకోలేదు.

కమ్యూనిస్టు పార్టీ 1991లో రద్దయింది, క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ 1994లో పోయింది, యూనియన్లు మాత్రం ఉన్నాయి. లేని పార్టీకి అనుబంధం ఏంటండీ? 1950ల గురించైతే ‘కమ్యూనిస్టుల పట్టున్న’ అనండి, ఇప్పటికైతే ‘వామపక్షం వైపు మొగ్గే’ చాలు. ‘అనుబంధ’ బాగా అతికేది అప్పటి సిస్నాల్‌కి, అది నయా ఫాసిస్టు పార్టీ ఎంఎస్‌ఐకి చెందిన యూనియన్.