జబ్బు చేసిన సముద్రపు చేపను కాపాడదామని కొనవచ్చా?

ప్రశ్న:
200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉంది. అందులో రెండు క్లౌన్ ఫిష్‌లు, కాసిని మెత్తటి పగడాలు. షాపులో ఒక బ్లూ ట్యాంగ్ కనిపించింది. ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, పొట్ట లోపలికి పీక్కుపోయింది, ఓ మూల నిలబడి రొప్పుతోంది. పక్క ట్యాంకులో తెల్లగా పాలిపోయిన సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) ఒకటి. రెండూ సగం ధరకే ఇస్తామంటున్నారు. అక్కడే ఉంటే నాలుగు రోజుల్లో పోయేలా ఉన్నాయి. తెచ్చి బతికించుకోవడం తప్పా? తెస్తే నేరుగా ట్యాంకులో వేయొచ్చా? విడిగా ఇంకో ట్యాంకు లేదు.

జవాబు:
కొనకండి. మీ జాలిని తప్పుపట్టడం లేదు, ఆ డబ్బు చేసే పని గురించి చెబుతున్నాను.

సగం ధరకు పోయినా షాపు లెక్కలో అది అమ్ముడైన చేపే. ఖాళీ అయిన చోటికి వచ్చే ఆర్డర్లో మరో ట్యాంగ్ వస్తుంది, అదే నీళ్లలోకి దిగుతుంది, అదే జబ్బు పడుతుంది. ఈ చేప షాపులోనే పోతే ఆ నష్టం మొత్తం అమ్మేవారిది. సరఫరా చేసేవారు సాధారణంగా పెట్టె విప్పేసరికి చచ్చి ఉన్నవాటికే డబ్బు సర్దుబాటు చేస్తారు, వారం తర్వాత పోయినవాటికి కాదు. వచ్చిన చేపల్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, మందు వేసి, తిండి పట్టాకే అమ్మాలన్న ఆలోచన షాపువాళ్లకు కలిగేది ఈ నష్టం తగిలినప్పుడే. మనం సగం ధర ఇచ్చి ఆ దెబ్బ తగలకుండా అడ్డుకుంటున్నాం.

పైగా చాలా షాపుల్లో ట్యాంకులన్నీ ఒకే సంప్‌కు (నీళ్లు చేరి వడకట్టబడి తిరిగి పైకి వెళ్లే తొట్టికి) కలిసి ఉంటాయి. ఒక గాజుపెట్టెలో చుక్కలు కనిపించాయంటే ఆ వరసలోని ప్రతి చేపా ఆ నీటినే పీలుస్తోంది. ఒకదాన్ని బయటికి తెచ్చినంత మాత్రాన మిగతావాటికి ఒరిగేదేమీ లేదు. అదే వరస నుంచి ‘ఆరోగ్యంగా ఉన్న’ చేపను కొన్నా అది జబ్బు నీళ్లు తాగిన చేపే అనుకోవాలి.

ఇక మీ ట్యాంకు సంగతి. బ్లూ ట్యాంగ్ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. జబ్బు నయమైనా 200 లీటర్లు దానికి ఇల్లు కాదు. ఆ చుక్కలు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవివి అయితే, అది చేప ఒంటి మీద కొద్ది రోజులే ఉండి రాలిపోతుంది. రాళ్ల మీదా అడుగునా గూడు కట్టుకుని, పగిలినప్పుడు వందల పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. చుక్కలు మాయమవగానే తగ్గిపోయిందని పొరపడేది ఇక్కడే. నేరుగా వేస్తే మీ క్లౌన్ ఫిష్‌లు రెండిటికీ అంటుతుంది. అప్పుడు చేపలన్నిటినీ బయటికి తీసి మందు వేయాలి, రీఫ్‌ను 76 రోజులు చేప లేకుండా ఉంచాలి. రీఫ్‌లోనే కాపర్ (పరాన్నజీవిని చంపే రాగి మందు) వేద్దామంటే పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. ఒకదాన్ని కాపాడబోయి, ఇప్పటికే మీ చేతిలో ఉన్న ప్రాణాల్ని పందెం కాయడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. అయినా ఆ చేపను అలా చూసి వచ్చేయడమేనా? దానికోసం చేయగలిగింది ఏమీ లేదా?

మరో జవాబు:
ఉందండీ, కాకపోతే పర్సు తీయకుండా చేయాలి.

ముందు షాపులో మాట్లాడండి. పదిమందిలో నిలదీస్తే ఎవరూ వినరు. పక్కకు పిలిచి, కనిపించింది కనిపించినట్టు చెప్పండి. మొప్పల కదలికను 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. నిమిషానికి 120 దాటితే బాధ మొప్పల్లోకి చేరిందనే అనుమానించాలి. చుక్కలు విడివిడిగా ఉప్పురవ్వల్లా ఉంటే క్రిప్టోకారియాన్. పక్కనుంచి వెలుగు పడినప్పుడు మెత్తటి పిండి పూసినట్టు కనిపిస్తే, చేప వెలుతురుకు దూరంగా జరుగుతూ పంపు ధారలో తల పెడుతుంటే, అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు కావచ్చు. వెల్వెట్ రెండు మూడు రోజుల్లో ట్యాంకు మొత్తాన్ని తుడిచిపెట్టగలదు, ఆ మాట ఆ రోజే చెప్పాలి. ఆ చేపను విడి ట్యాంకులోకి మార్చి అమ్మకం ఆపమని అడగండి. మారిస్తే, కోలుకున్నాక చేపలు ఇక్కడే కొంటానని కూడా చెప్పండి. మంచి పనికి గిరాకీ ఉందని వాళ్లకు తెలియాలి కదా.

వాళ్లు ఉచితంగా ఇచ్చేస్తామంటే అది వేరే విషయం. అయినా మూడు ఉంటేనే ఒప్పుకోండి: ఈరోజే నడుస్తున్న క్వారంటైన్ ట్యాంకు, చేతిలో మందూ దాన్ని కొలిచే టెస్ట్ కిట్టూ, నయమయ్యాక వెళ్లడానికి సరిపడా పెద్ద ట్యాంకు ఉన్న మనిషి. ఈ చేప విషయంలో మూడోది మీరు కాదు గనక, తీసుకునేవారితో ముందే మాట అయిపోవాలి.

క్వారంటైన్‌కు ఆర్భాటం అక్కర్లేదు. 75 లీటర్ల గాజుపెట్టె, అడుగున ఇసుక గానీ లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నిండిన రీఫ్ రాయి) గానీ వద్దు, రెండూ కాపర్‌ను పీల్చేసుకుంటాయి. ముందే పెద్ద ట్యాంకు సంప్‌లో నెలరోజులు నానిన స్పాంజ్ ఫిల్టర్, హీటర్, గాలి రాయి, చేప దాక్కోవడానికి రెండు పీవీసీ గొట్టం ముక్కలు, పైన మూత. కొత్త స్పాంజ్ పెడితే అందులో బ్యాక్టీరియా ఉండదు, మూడో రోజుకు అమోనియా పెరుగుతుంది. జబ్బు కంటే ముందు అదే చంపుతుంది. అమోనియా పెరిగిందని కాపర్ ఉన్న నీళ్లలో అమోనియాను బంధించే కండిషనర్ పోయకండి, కొన్ని రకాల కాపర్‌తో కలిస్తే విషమవుతుంది. నీళ్లు మార్చండి. మార్చే నీళ్లలో కూడా అదే మోతాదు కాపర్ కలపండి.

మోతాదు: కీలేటెడ్ కాపర్ (మరో పదార్థంతో బంధించి ఉన్నది) అయితే లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు, 30 రోజులు. చిక్కిపోయిన చేపకు ఒకేసారి వేయకుండా రెండు మూడు రోజుల్లో ఆ మట్టానికి తీసుకెళ్లండి. అయానిక్ కాపర్‌కు (అలా బంధించనిదానికి) లెక్క పూర్తిగా వేరు, డబ్బా మీద రాసిందే పాటించాలి. మధ్యలో ఒక్కరోజు మోతాదు కిందికి జారినా లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే. ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే. చుక్కలు పోయాయి కదా అని పదో రోజున ఆపేస్తారు.

తిండి రోజుకు నాలుగైదు సార్లు, కొద్దికొద్దిగా. ట్యాంగ్‌కు క్లిప్పుకు తగిలించిన నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు), మంచు కరిగించిన మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు). కాపర్ ఆకలిని చంపుతుంది కాబట్టి తిండి పట్టని చేపకు ముందు తిండి, తర్వాత మందు. వెల్వెట్ అయితే మాత్రం ఆగడానికి వీల్లేదు.

ఇంకొకరు:
పై జవాబుకు ఒక చేర్పు. దీన్ని చాలామంది పట్టించుకోరు. చాలా షాపులు చేపల ట్యాంకుల్లో ఉప్పు తక్కువ పెడతాయి, స్పెసిఫిక్ గ్రావిటీ (నీటి బరువును బట్టి ఉప్పదనం చెప్పే కొలత) 1.018, 1.019 దగ్గర. మన ట్యాంకు 1.025. తగ్గించడాన్ని చేప తట్టుకుంటుంది, గబుక్కున పెంచితే మాత్రం ఒంట్లో నీరు పోయి కుంగిపోతుంది. అందుకే షాపు నీళ్లను రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి, క్వారంటైన్‌ను ముందే ఆ ఉప్పదనానికి తెచ్చి ఉంచండి. తర్వాత రోజుకు 0.002 మించకుండా పెంచుకుంటూ రండి.

మందుకు ముందు మంచినీటి స్నానం కూడా చూడాలి. ఆర్‌వో నీళ్లు, ట్యాంకు నీళ్లకున్నంత వేడి, వంటసోడాతో పీహెచ్ 8.2 దాకా తెచ్చి గంటసేపు గాలి పట్టించాలి. చేపను అయిదు నిమిషాలు ఉంచాలి, కళ్లు తిప్పకుండా చూస్తూ. గిన్నె అడుగు నల్లగా ఉంటే మంచిది. ఒంటి మీద అంతవరకూ కంటికి ఆనని ఫ్లూక్ పురుగులు మంచినీరు తగలగానే తెల్లబడి, నువ్వుగింజల్లా ఒక్కొక్కటే రాలి ఆ నల్లటి అడుగున తేలిగ్గా కనిపిస్తాయి. అవి కనిపిస్తే జబ్బు ఒకటి కాదు, రెండు. వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు, లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, వారం తర్వాత మళ్లీ ఒకసారి. చేప అడ్డం తిరిగి లేవకపోతే అయిదు నిమిషాలు చూడకుండా వెంటనే తీసేయండి.

అనిమోన్ గురించి:
దాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దంటాను. తెల్లబడటమంటే దాని ఒంట్లో ఉండి వెలుతురుతో తిండి చేసిపెట్టే నాచుకణాలు పోయాయని అర్థం. కోలుకోవడానికి నెలలు పడుతుంది, బలమైన దీపం కావాలి, చిన్న ముక్కలు నోటికి అందించాలి. నోరు తెరుచుకుని లోపలి పొర బయటికి వచ్చినా, పాదం చిరిగినా ఆశ లేదు. రీఫ్‌లో చచ్చిన అనిమోన్ ఒక్క రాత్రిలో నీళ్లను పాడుచేస్తుంది. గాఢమైన పసుపు, ఊదా రంగు అనిమోన్లు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. కొన్నిటికి రంగు అద్ది అమ్ముతారు, ఆ రంగు కింద ఉన్నది ఇదే తెల్లదనం.

ఇలాగే తిండి దగ్గరే ఓడిపోయేవి మరికొన్ని. పగడపు మొగ్గలు తప్ప ఇంకేమీ ముట్టని బటర్‌ఫ్లై చేపలు, పొట్ట పీక్కుపోయిన మాండరిన్ చేప, చేతుల కొసలు కరిగిపోతున్న లింకియా నక్షత్ర చేప. వీటికి మందు లేదు, వీటిని సముద్రం నుంచి పట్టడంలోనే తప్పు ఉంది. వీటిని కొనకపోవడమే మనం చేయగల సాయం.

మొదటి జవాబిచ్చినవారు:
ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. అభిరుచి మానేస్తున్న మనిషి ఇంట్లో అశ్రద్ధకు గురైన జీవుల్ని తీసుకోండి, డబ్బు ఇచ్చైనా సరే. అక్కడ ఖాళీ అయిన ట్యాంకులోకి మరో చేప రాదు. కొత్తగా కొనాలనుకుంటే పెంపకంలో పుట్టినవాటిని అడగండి. క్లౌన్ ఫిష్‌లు అలా బోలెడు దొరుకుతాయి. బ్లూ ట్యాంగ్‌ను పెంపకంలో మొదటిసారి బతికించింది 2016లో, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు. ఇప్పటికీ షాపుల్లో కనిపించేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే.

ప్రశ్న అడిగినవారు:
మాట్లాడటానికే వెళ్తాను, కొనను. ఒకవేళ వాళ్లు విడి ట్యాంకులో పెట్టినా కోలుకోకపోతే? బాధ పడకుండా చేసే మార్గం అడిగితే ఏం చెప్పాలి?

మరో జవాబు:
వెన్నెముక వెంబడి కండ కరిగి తల వెనక గుంట పడిందా, పక్కకు ఒరిగి లేవలేకపోతోందా చూడమనండి. ఈ రెండూ ఉంటే ఇక మందులతో పొడిగించడం దాని బాధను పొడిగించడమే. దాని ట్యాంకు నీళ్లే ఒక లీటరు గిన్నెలోకి తీయాలి. చిన్న సీసాలో గోరువెచ్చటి నీళ్లు, 0.4 మిల్లీలీటర్ల లవంగ నూనె పోసి పాలలా తెల్లబడేదాకా గట్టిగా కుదపాలి, లేకపోతే నూనె పైన తేలిపోయి పనిచేయదు. ముందు పావువంతు పోస్తే చేప మత్తులోకి జారుతుంది. పక్కకు ఒరిగాక మిగతాది పోయాలి. మొప్పల కదలిక పూర్తిగా ఆగాక కూడా కనీసం పది నిమిషాలు అలాగే ఉంచాలి, తొందరపడి తీస్తే మళ్లీ తేరుకోవచ్చు. ఫ్రీజర్లో పెట్టడం, మరుగుదొడ్లో వదలడం వద్దు. సముద్రంలో వదిలేద్దామని ఎవరైనా అంటే గట్టిగా ఆపండి. అట్లాంటిక్‌లో 1980ల నుంచి వ్యాపించి అక్కడి చేపల్ని మింగేస్తున్న లయన్ ఫిష్‌లు అక్కడివి కావు, అక్వేరియంల నుంచి బయటపడ్డవాటి సంతతే.

వాడిన గిన్నె, వల, గొట్టాలు బ్లీచ్ నీళ్లలో నానబెట్టి, కడిగి, పూర్తిగా ఎండనివ్వాలి. తడి వలలోంచే జబ్బు పక్క ట్యాంకుకు వెళ్తుంది. షాపు నుంచి వచ్చాక మీ ట్యాంకులో చేయి పెట్టేముందు మీరు కూడా మోచేతుల దాకా కడుక్కుని తుడుచుకోండి.