‘నుండు తప్పు’నా, ‘నుండుఁ దప్పు’నా?

అరండల్‌పేట: అపర్చర్ రింగున్న పాత నికాన్ డి రకం లెన్సులతో కెమెరా తెర మీద మెరిసే ‘ఎఫ్‌ఈఈ’ అనే హెచ్చరిక గురించి స్టూడియో కుర్రాళ్ల కోసం ఒక అట్ట రాస్తున్నాను. పైన వేమన్న పద్యం వేద్దామని. ‘తప్పులెన్నువారు తండోపతండంబు లుర్వి జనులకెల్ల నుండు...’ తర్వాత తప్పా, దప్పా? పనిలో పని, ‘మినిమం అపర్చర్’కి, అంటే లెన్సులో వెలుతురు దూరే దారి అతి చిన్నదయ్యే చోటికి, ఒక మాట చెప్పండి. రింగు అక్కడ లేకపోతేనే ఈ హెచ్చరిక. ‘కనిష్ఠ రంధ్రం’ అని రాస్తే అంకె చిన్నదని రింగును తీసుకెళ్లి 1.8 దగ్గర, అతి పెద్ద రంధ్రం దగ్గర, పెడుతున్నారు.

గాంధీనగర్: దప్పు. ‘ఉండున్’ ద్రుతాంతం (చివర నకారమున్న మాట), దాని తర్వాతి పరుషం (ఇక్కడ తకారం) సరళం (దకారం) కావాల్సిందే. అరసున్నతో సహా రాయండి. అపర్చర్‌కి ‘బెజ్జం’ ఉండనే ఉంది. సూదికి చెల్లింది లెన్సుకు చెల్లదా?

కొరిటెపాడు: సూది బెజ్జం తెరుచుకుని మూసుకునేది కాదుగా! అపర్చర్ అనే ఉంచి ‘నారింజ రంగు అంకె’ అనండి. 50 ఎంఎం 1.8డి మీద అది 22. కెమెరా ఆపి, 22 గుర్తుకు ఎదురుగా వచ్చేదాకా రింగు తిప్పి, దాని పక్కనున్న చిన్న గొళ్లెం జరిపితే చాలు. రింగు 8 దగ్గరుంటే లెన్సు లోపలి రేకులు అంతకు మించి మూసుకోవు. బాడీ 16 అడిగినా ఇవ్వలేవు. అందుకే షట్టరు పడదు.

సత్యనారాయణపురం: అసలు ‘ఉండు’ ఇక్కడ సమాపక క్రియ (వాక్యాన్ని ముగించేది) అని ఎవరన్నారు? ధాతుజ విశేషణం. జనులకెల్ల ఉండే తప్పు. ఏమిటది? తప్పులెన్నడమే! ఇక ద్రుతమూ లేదు, దకారమూ లేదు.

గాంధీనగర్: అన్వయం లాగుతున్నారండీ. ఎన్నేవాళ్లకీ తప్పులున్నాయి కనుకే మూడో పాదంలో ‘తమ తప్పు లెరుగరు’ అన్నాడు.

కొరిటెపాడు: ఛందస్సు మీ ఇద్దరికీ సాక్ష్యం రాదు. తప్పన్నా దప్పన్నా గలమే (గురువు, లఘువు). యతి ‘నుండు’లో ఉకారంతోనే తీరిపోయింది.

మొగల్రాజపురం: చిన్నయసూరి వ్యాకరణ సూత్రాలు 1858 నాటివి, వేమన్న అవి చదివి చెప్పలేదు. 1829లో బ్రౌను దొర అచ్చు వేయించేనాటికే పద్యాలకు పాఠాలు బోలెడు. ఆయన నందన కరువు (1832-33) నాడు మన గుంటూరులోనే ఉన్నాడు తెలుసా?

అరండల్‌పేట: బ్రౌను సరేనండీ. జి రకం లెన్సుకీ ఎఫ్‌ఈఈ వస్తోంది, దానికి రింగే లేదే?

కొరిటెపాడు: లెన్సు వెనక చిన్న నాలుక లాంటిది ఉంటుంది, అది బాడీ మౌంటు అంచునున్న మీటను నెట్టాలి. నాలుక విరిగినా, మీట దుమ్ముపట్టి బిగుసుకున్నా అదే మెరుస్తుంది. ఇంకో లెన్సు పెట్టి చూడండి. దానికీ వస్తే బాడీని అనుమానించాలి. అంకె బదులు ‘ఎఫ్’ పక్కన గీతలు వస్తే మాత్రం అది వేరే జబ్బు, లెన్సూ బాడీ కలిసేచోటి లోహపు కాంటాక్టులు తుడవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్దాలి, నేరుగా చుక్క వేయకూడదు. పెన్సిల్ రబ్బరు జోలికి పోకండి, పొట్టు లోపల పడుతుంది.

సత్యనారాయణపురం: చూశారా, బిగుసుకున్నది తన మీట, ఎన్నేది లెన్సు తప్పు! నా పాఠానికి కెమెరాయే సాక్షి.

గాంధీనగర్: అది మూడో పాదానికి సాక్ష్యం. మీరు రెండోది తేల్చండి.

అరండల్‌పేట: అట్ట మీద మూడో పాదం ఒక్కటే వేశాను. ‘ఎరుగరు’కి బండి ర (ఱ) పెట్టాలా?

గాంధీనగర్: పెట్టాలి. అరసున్న కూడా.