అడ్డ గుణకారం తీసేసి మంచి పని చేశారా?

పదోక్లాసు నాన్న:
మా అమ్మాయిది సిబిఎస్ఇ. రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల పాఠంలో గ్రాఫ్, ప్రతిక్షేపణ, తొలగింపు ఉన్నాయి, మేం చదివిన అడ్డ గుణకారం మాత్రం లేదు. ఎన్‌సిఇఆర్‌టి 2022-23లో సిలబస్ తగ్గించినప్పుడు ఎత్తేసిందట. గుణకాలు (ఎక్స్, వై ముందుండే అంకెలు) వరసగా రాసుకుని అడ్డంగా గుణిస్తే జవాబు వచ్చేసేది కదా. ఇంట్లో నేర్పెయ్యనా?

లెక్కల మాస్టారు:
వద్దండి. పిల్లలు స్థిరపదాన్ని (ఎక్స్, వై లేని అంకెని) ఎడమవైపుకి తేకుండా సూత్రంలో పెట్టేస్తారు, ఎక్స్, వై రెండూ గుర్తు మారి వస్తాయి. పేపర్లు దిద్దేవాళ్లని ఎవర్నడిగినా చెబుతారు. అసలు చిక్కు వేరే ఉంది. 2ఎక్స్ + 3వై = 5, 4ఎక్స్ + 6వై = 7 తీసుకోండి. తొలగింపు పద్ధతిలో మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోదాంట్లోంచి తీసేస్తే 0 = −3. సాధన లేదని అక్కడే తేలిపోయింది. అదే అడ్డ గుణకారంలో ఎక్స్ = 9/0 వస్తుంది. పిల్లాడు దాన్ని 0 అనో 9 అనో రాసి చక్కా పోతాడు!

కోచింగ్ బాబాయ్:
హారం ముందు చూడమని చెప్పకపోతే సూత్రం ఏం చేస్తుంది సార్? సున్నా వస్తే ఆగమనండి, సరిపోతుంది. ఎలాగూ పైచదువుల్లో క్రామర్ పద్ధతి అని ఇదే మళ్లీ వస్తుంది. గుణకాలు 17, 23 లాంటివైతే తొలగింపులోనూ అవే గుణకారాలు చెయ్యాలి, రాత మాత్రం ఎక్కువ.

వెలగపండు:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలో (మన పావులూరి మల్లన తెలుగు చేసింది దీన్నే) ఒక లెక్కుంది. 9 మాదీఫలాలు, 7 వెలగపళ్లు కలిపి వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపళ్లు కలిపి వెల 101. ఒక్కోటి ఎంత? రెండూ కూడితే పదహారేసి పళ్లు 208, అంటే జత 13. తీసేస్తే రెండింటి తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. సూత్రం చేతికిస్తే పిల్లలు అంకెల వంక చూడటమే మానేస్తారు, నా బాధ అదీ.

కోచింగ్ బాబాయ్:
గుణకాలు తిరగేసి ఉన్నాయి కాబట్టి కుదిరింది. 9, 7 పక్కన 4, 11 ఇచ్చి చూడండి.

వెలగపండు:
అప్పుడు తొలగింపు చేస్తాను. ముందు చూడమన్నాను, అంతే.

పదోక్లాసు నాన్న:
పళ్ల లెక్క అమ్మాయికిచ్చాను. ప్రతిక్షేపణతో మొదలెట్టి భిన్నాలతో పేజీ నింపేసింది. జవాబు మాత్రం 8, 5 అనే వచ్చింది. మాస్టారూ, బోర్డు పరీక్షలో అడ్డ గుణకారంతో చేస్తే మార్కులు వేస్తారా, వెయ్యరా?

లెక్కల మాస్టారు:
ప్రశ్నలో పద్ధతి పేరు చెప్పి అడిగితే ఆ పద్ధతిలోనే చెయ్యాలి. చెప్పకపోతే, నేను దిద్దితే వేస్తాను. మిగతావాళ్ల సంగతికి నాది పూచీ కాదు.