ఏఆర్చ్64 (64-బిట్ ఆర్మ్) ప్రోగ్రాంకి జీడీబీ డీబగ్గర్ తగిలిస్తే "జీ ప్యాకెట్ రిప్లై టూ లాంగ్" అంటోంది, రెండు రోజులుగా ఇదే

ప్రశ్న:
అందరికీ నమస్తే. నాది మామూలు ఎక్స్86-64 ల్యాప్‌టాప్, ఉబుంటు. క్రాస్ కంపైలర్‌తో ఏఆర్చ్64 కోసం చిన్న సీ ప్రోగ్రాం కంపైల్ చేశా, డీబగ్ ఇన్ఫో కూడా ఉంది. దాన్ని ఈ ల్యాప్‌టాప్‌లో నడిపే క్యూఎము ఎమ్యులేటర్‌కి మైనస్ జీ 1234 (పోర్ట్ నంబర్) ఇచ్చి రన్ చేస్తే కదలకుండా ఆగి ఉంటోంది, అంటే డీబగ్గర్ కోసం వెయిట్ చేస్తోందనే కదా, సరే అని ఇంకో టెర్మినల్‌లో జీడీబీ తెరిచి, ఆ పోర్ట్‌కి కనెక్ట్ అవ్వడానికి టార్గెట్ రిమోట్ కమాండ్ కొడితే పైన ఏదో వార్నింగ్ వచ్చి కింద ఈ ఎర్రర్ పడి కనెక్షన్ తెగిపోతోంది. పోర్ట్ మార్చా, క్యూఎము మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా, ఏం మారలేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
బ్రో ఆ "ఏదో వార్నింగ్" ఉంది చూడు, అసలు విషయం అంతా అందులోనే ఉంది. "అన్‌నోన్ ఆర్కిటెక్చర్ ఏఆర్చ్64" అని ఉండాలి. క్యూఎము కనెక్ట్ అవ్వగానే తన రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపల విలువలు ఉండే చోట్లు) వివరం ఎక్స్ఎంఎల్‌లో పంపిస్తుంది, నీ జీడీబీకి ఆ ఆర్కిటెక్చర్ తెలీదు కాబట్టి దాన్ని పక్కన పడేసి తనకి తెలిసిన ఎక్స్86 రిజిస్టర్ల లెక్కే వేసుకుంటుంది. అవతల్నుంచి వచ్చేవి ఏఆర్చ్64వి, అందులో 31 జనరల్ రిజిస్టర్లు, పైన ఎస్పీ (స్టాక్ పాయింటర్), పీసీ (ప్రోగ్రాం కౌంటర్). సైజు కలవక ఆ ఎర్రర్. పోర్ట్‌కీ దీనికీ సంబంధమే లేదు.
సెట్ ఆర్కిటెక్చర్ అని ఊరికే కొట్టి చూడు, దానికి తెలిసినవన్నీ చూపిస్తుంది. ఐ386 తరహావే కనిపిస్తే జీడీబీ-మల్టీఆర్చ్ ప్యాకేజీ వేసుకో. ముందు ఫైల్ కమాండ్‌తో నీ బైనరీ ఇవ్వు, ఆ తర్వాతే టార్గెట్ రిమోట్. బైనరీ మొదట్లో ఉండే ఈఎల్ఎఫ్ హెడర్‌లో మెషీన్ నంబర్ ఉంటుంది (ఏఆర్చ్64కి 183), అది చూసి జీడీబీయే ఆర్కిటెక్చర్ సెట్ చేసుకుంటుంది, చేత్తో చెప్పక్కర్లేదు.

రిప్లై 2:
పైన చెప్పింది కరెక్ట్. సోర్స్ నుంచి బిల్డ్ చేద్దాం అనుకుంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, కాన్ఫిగర్‌లో ఎనేబుల్ టార్గెట్స్ ఆల్ పెడితే సరిపోతుందని నేనూ అనుకున్నా, కానీ నా మెషీన్‌లో ఎక్స్‌పాట్ (ఎక్స్ఎంఎల్ చదివే లైబ్రరీ) డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదు, కాన్ఫిగర్ ఆగకుండా ఎక్స్ఎంఎల్ సపోర్ట్ తీసేసి బిల్డ్ పూర్తి చేసేసింది. తర్వాత ఆ రిజిస్టర్ల వివరం చదవడమే రాదు. ఒక సాయంత్రం మొత్తం పోయింది. విత్ ఎక్స్‌పాట్ అని ఖచ్చితంగా ఇవ్వండి, లైబ్రరీ లేకపోతే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అదే మంచిది.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
మల్టీఆర్చ్‌తో కనెక్ట్ అయింది, చాలా చాలా థాంక్స్ ఇద్దరికీ! వార్నింగ్‌లో అచ్చం ఆ మాటే ఉంది, నేనే చదవలేదు. ఇంకో రెండు. రన్ కొడితే రిమోట్ టార్గెట్ రన్‌ని సపోర్ట్ చెయ్యదు అంటోంది, ఇంకా ప్రింట్ఎఫ్ లోపలికి వెళ్తే బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే లిస్ట్) అన్నీ ప్రశ్న గుర్తులే.

రిప్లై 1:
రన్ వద్దు, ప్రోగ్రాం అవతల ఆల్రెడీ మొదలై మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగి ఉంది కదా, మెయిన్‌కి బ్రేక్‌పాయింట్ పెట్టి కంటిన్యూ కొట్టు. ప్రశ్న గుర్తులు వస్తున్నాయంటే జీడీబీకి ఏఆర్చ్64 లిబ్‌సీ (సీ స్టాండర్డ్ లైబ్రరీ) దొరకట్లేదు. కనెక్ట్ అయ్యే ముందే సెట్ సిస్‌రూట్ (లైబ్రరీలు ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పే కమాండ్) ఇచ్చి, క్యూఎముకి మైనస్ క్యాపిటల్ ఎల్‌తో ఏ ఫోల్డర్ ఇచ్చావో అదే దీనికీ ఇవ్వు, ఉబుంటు క్రాస్ ప్యాకేజీలైతే యూఎస్ఆర్ కింద ఏఆర్చ్64-లినక్స్-గ్నూ అని ఉంటుంది. రెండూ ఒకే ఫోల్డర్ కావాలి, ఇది ముఖ్యం, వేరే వెర్షన్ లిబ్‌సీ చూపిస్తే అడ్రస్‌లు తప్పుతాయి, అప్పుడు వచ్చే బ్యాక్‌ట్రేస్ నిజంలాగే ఉంటుంది కానీ తప్పు. నీ కోడ్ ఒక్కటే చూసుకోవాలంటే స్టాటిక్‌గా లింక్ చేసెయ్, లిబ్‌సీ బైనరీలోనే కలిసిపోతుంది, సిస్‌రూట్ గొడవే ఉండదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
సిస్‌రూట్ పెట్టా, ఇప్పుడు ఫంక్షన్ పేర్లు వస్తున్నాయి. లూప్‌లో ఎక్స్0 రిజిస్టర్ విలువ మారడం స్టెప్ స్టెప్‌కీ చూస్తున్నా, రెండు రోజుల తర్వాత!