కరెంటు పోయాక ఉబుంటు లేవట్లేదు, రామ్‌డిస్కు సైజు పెంచినా అంతే

రాజోలు జిరాక్స్:
నమస్కారమండి. మాది రాజోల్లో జిరాక్స్ కొట్టు. పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లినక్స్. నిన్న సాయంత్రం అప్‌డేట్లు ఎక్కుతుంటే ఈదురుగాలికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిందండి, వచ్చే కొబ్బరి దింపు డబ్బులతో కొందామని వాయిదా వేస్తున్నా. ఇప్పుడు ఆన్ చేస్తే ‘కెర్నల్ పానిక్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)’ అని ఆగిపోతోంది. ఎక్కడో చదివి గ్రబ్‌లో (ఆన్ చెయ్యగానే ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే మెనూ) రామ్‌డిస్క్_సైజ్ పెంచి చూశా, ఉహూఁ. రేపు పొద్దున్నే కాలేజీ ఫారాలకి పిల్లలొచ్చేస్తారండి.

భీమవరం కుర్రాడు:
హార్డ్‌డిస్కు పోయినట్టుంది అన్నా. ఎస్ఎస్‌డీ వేసెయ్.

పాత కెర్నల్:
ఆగండాగండి, ఇంకా స్క్రూడ్రైవర్ తియ్యకండి. (0,0) అంటే రూటు, అదే సిస్టమ్ ఫైళ్లుండే పార్టిషన్, ఏ డిస్కులో ఉందో కెర్నల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) తెలియలేదని. రామ్‌డిస్కు, అంటే బూటయ్యేటప్పుడు ముందుగా మెమరీలోకి ఎక్కే చిన్న ఫైళ్ల మూట, ఎక్కకపోతే వచ్చే గొడవ చాలామట్టుకు ఇదే. డిస్కు డ్రైవర్లూ, రూటు పార్టిషన్ వెతికే స్క్రిప్టులూ అందులోనే కదా ఉండేది. రామ్‌డిస్క్_సైజ్ పాతకాలపు ఇనిట్‌ఆర్‌డీ కోసం, అదీ కిలోబైట్లలో ఇవ్వాలి. ఇప్పటి రామ్‌డిస్కు, అంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని కెర్నల్ నేరుగా మెమరీలో విప్పుకుంటుంది, ఆ అంకెతో పనే లేదు. తీసెయ్యండి. గ్రబ్ మెనూలో కొత్త కెర్నల్ మీద ‘ఇ’ నొక్కి చూడండి: ‘లినక్స్’ లైను కింద ‘ఇనిట్‌ఆర్‌డీ’ లైను ఉందా? పేరు పాతదే గానీ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలుని ఎక్కించేది ఆ లైనే.

రాజోలు జిరాక్స్:
లేదండీ! పాత కెర్నల్‌కి మాత్రం ఉంది. అదే ఇక్కడ కొట్టెయ్యనా?

పాత కెర్నల్:
వద్దండి. వెర్షన్ కలవకపోతే అందులోని మాడ్యూళ్లు ఈ కెర్నల్లో ఎక్కవు. పైగా ‘ఇ’ నొక్కి మార్చింది ఆ ఒక్క బూటుకే. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌తో లేపండి. ముందు ‘డీఎఫ్’ కొట్టి బూట్ పార్టిషన్లో చోటుందో లేదో చూడండి. నిండిపోతే రామ్‌డిస్కు ఫైలు సగంలో ఆగిపోతుంది. తర్వాత ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’, సగంలో ఆగిన అప్‌డేట్లని పూర్తిచేసేది. అప్పటికీ ఫైలు రాకపోతే ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -సి -కె’ పక్కన కొత్త వెర్షన్ నంబరు. అసలు లేనిదాన్ని పుట్టించాలి కాబట్టి -సి. చివర్లో ‘సుడో అప్‌డేట్-గ్రబ్’, గ్రబ్ మెనూ మళ్లీ రాసుకోడానికి.

రాజోలు జిరాక్స్:
లేచిందండి బాబూ! చోటుకేం లోటు లేదు. డీపీకేజీ దగ్గరే చాలాసేపు నానింది, ఫైలు మాత్రం రాలేదు. -సి కొట్టాకే వచ్చింది. ఇప్పుడు కొత్త కెర్నల్ కింద ఇనిట్‌ఆర్‌డీ లైను ఉంది. బ్యాటరీకి దింపు దాకా ఆగను, రేపే మలికిపురం పోయి తెచ్చేస్తా.