పాత జాజ్, రాక్ రికార్డులు తక్కువ ఖర్చులో కొనాలంటే? గోదావరి జిల్లాల వాళ్ళు కాస్త చెప్పండి

పాలకొల్లు నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కాలేజీ రోజుల నుంచి ఫోన్లో జాజ్, 70ల నాటి రాక్ వింటున్నాను. ఈమధ్య ఇంటికి సున్నాలు వేయిస్తుంటే మా పెదనాన్నగారి అటక మీద పాత హెచ్‌ఎంవీ ప్లేయరు, ఓ పాతిక రికార్డులు బయటపడ్డాయి. చాలావరకు ఘంటసాల గారివి, నాటకాల పద్యాలవి. ఇంగ్లీషువి రెండే: వెంచర్స్ ఒకటి, జిమ్ రీవ్స్ ఒకటి. ప్లేయరు తిరుగుతోంది గానీ పాట గరగరమంటోంది.

జాజ్, రాక్ ఎల్పీలు (పెద్ద రికార్డులు) ఒక్కొక్కటిగా కొనుక్కోవాలని ఉంది. కొత్తవి చూస్తే ఒక్కోటి మూడు వేలు, ఆ పైన. నేను నెలకి వెయ్యి, మహా అయితే పదిహేను వందలు పెట్టగలను. మన వైపు పాతవి ఎక్కడ దొరుకుతాయి? బాగున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? ఇంకోటి, డల్లాస్‌లో ఉండే మా బావ అక్కడ ఎవరో పాత ప్లేయరు చవగ్గా అమ్ముతున్నారు, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?

రాజమండ్రి నుంచి:

తమ్ముడూ, ముందు మీ బావగారికి ఫోన్ చేసి కాస్త ఆగమను. ఆ ప్లేయరు మోటారు ఏ రకమో తెలుసుకున్నాకే డబ్బివ్వాలి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టుల సంగతి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తీరిపోతుంది. హెర్ట్జ్‌ని అది మార్చలేదు. పాత ప్లేయర్లలో చాలావాటికి ఏసీ మోటారు ఉంటుంది, దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ఎల్పీ మన ఇంట్లో 28 చుట్లు కూడా తిరగదు. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందకి దిగిపోతుంది. గిటారు గిటారులా ఉండదు, పాడేవాడికి నిద్ర ముంచుకొచ్చినట్టుంటుంది. కొన్ని మోడళ్ళకి 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా ఉండేది. ఇప్పుడు దాన్ని వెతికి పట్టుకోవడమే పెద్ద పని.

డీసీ మోటారుది, అడాప్టర్ మీద నడిచేదైతే నిశ్చింతగా తెమ్మను. అడాప్టర్ వెనక ‘అవుట్‌పుట్’ దగ్గర డీసీ అని ఉందా, ఏసీ అని ఉందా అన్నది ఫొటో తీసి పంపమను. అక్కడ ఏసీ అని ఉంటే మళ్ళీ అదే గొడవ. డీసీ అయితే అన్నే వోల్టుల అడాప్టర్ ఇక్కడే దొరుకుతుంది. ప్లస్, మైనస్ సరిచూసి కొనుక్కో.

ఇక మీ పెదనాన్నగారి ప్లేయరు. దాని మీద ఆ వెంచర్స్ రికార్డు ఇంకోసారి పెట్టకు. గరగర అంటోందంటే నీడిల్ అరిగి ఉండొచ్చు. అరిగిన నీడిల్ గాడి గోడల్ని చెక్కేస్తుంది, అలా పోయిన శబ్దం ఎంత కడిగినా తిరిగి రాదు. ఆ కాలపు ప్లేయర్లలో చాలావాటికి నీడిల్ దగ్గర చిన్న మీట ఉంటుంది, ఒకవైపు ఎల్పీ, రెండోవైపు 78, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకి. అది 78 వైపు తిరిగి ఉందేమో చూడు. 78 నీడిల్ లావుగా ఉంటుంది, ఎల్పీ గాడిలోకి సరిగ్గా దిగదు. పైగా నీడిల్‌ని పట్టుకునే ఆ పాత ఆర్మ్ రికార్డు మీద మోపే బరువు ఐదారు గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఇప్పటి మామూలు మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లకి (నీడిల్ బిగించి ఉండే చిన్న డబ్బీ) రెండు, మూడు గ్రాములు చాలు.

అందుకని నా మాట విని కొన్ని నెలలు రికార్డులేవీ కొనకు. ఆ డబ్బు దాచి ముందు ప్లేయరు కొను. ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్ లాంటిది నీకు సరిపోతుంది. కొత్తది పది వేల పైనే అవుతుంది. నీడిల్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉన్న యాంప్లిఫయర్‌కో, కరెంటుతో నడిచే స్పీకర్లకో నేరుగా తగిలించుకోవచ్చు. నీడిల్ విడిగా దొరుకుతుంది, చేత్తో లాగి మార్చుకోవచ్చు. సూట్‌కేసులా ఉండే చవక ప్లేయర్ల జోలికి వెళ్ళకు. వాటిలో ఎక్కువ భాగం ఆ బరువైన సెరామిక్ కార్ట్రిడ్జ్‌లే.

ఎక్కడ దొరుకుతాయంటావా, మన జిల్లాల్లో ఇంగ్లీషు రికార్డులు కొట్లలో కంటే ఇళ్ళల్లోనే ఎక్కువున్నాయి. ఆ రోజుల్లో ఇవి కొన్నవాళ్ళెవరు? డాక్టర్లు, ఓడల్లో పనిచేసినవాళ్ళు, కలకత్తాలోనో బొంబాయిలోనో ఉద్యోగం చేసి సొంతూరు చేరినవాళ్ళు. మా దానవాయిపేటలో, కాకినాడ రామారావుపేటలో పాత డాబాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నప్పుడల్లా అటకల మీద సామాను బయటికొస్తుంది. పాత పేపర్లు, ఇనుము కొనే కొట్లలో నీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచు. తూకానికి ఇచ్చేదానికంటే కాస్త ఎక్కువిస్తానంటే వాళ్ళే ఫోన్ చేస్తారు. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే పెద్దవాళ్ళని కలువు, ఎవరింట్లో ఏముందో వాళ్ళకి తెలుస్తుంది. మైకు సెట్ల వాళ్ళ దగ్గరా పెట్టెలు ఉంటాయి గానీ పెళ్ళిళ్ళలో, జాతరల్లో అరిగేదాకా వేసినవి అవి.

కాకినాడ నుంచి:

అమ్మేవాళ్ళ వైపు నుంచి నేనొక మాట చెప్తానండి. మా నాన్నగారు మర్చంట్ నేవీలో చేశారు. ఏ రేవులో ఓడ ఆగినా రికార్డు కొనుక్కోకుండా వచ్చేవారు కాదు. ఆయన పోయి పెద్దకర్మ అయ్యీ అవ్వకముందే ఒకాయన ఫోన్ చేశాడు. వచ్చి బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ తీసి పక్కన పెట్టుకుని, మిగతావన్నీ చెత్తేనండీ, ఊరికే ఇచ్చెయ్యండి అన్నాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

చాన్నాళ్ళకి అమలాపురం కుర్రాడు ఒకడొచ్చాడు. కింద చాప వేసుకుని కూర్చుని ఒక్కో రికార్డూ కవరులోంచి తీసి, అంచులు పట్టుకుని, వెలుతురుకి తిప్పి చూశాడు. మేము మూడొందలు అన్న రికార్డుకి, అమ్మా ఇది ఇంకా ఎక్కువ పలుకుతుంది, నా దగ్గర అంత లేదు, మంచి ధర వచ్చేదాకా ఉంచండి అని ఫోన్లో అమ్మకం ధరలు చూపించాడు. కొన్ని కవర్ల వెనక నాన్నగారు కొన్న ఊరూ తేదీ రాసుకునేవారు. అవి అమ్మేముందు ఫొటోలు తీసుకోండమ్మా అన్నాడు. ఆ రోజు తన జేబులో ఉన్న డబ్బుకి వచ్చినవే తీసుకెళ్ళాడు. తర్వాత మా పిన్నిగారింట్లో పెట్టె ఉందని తెలిసినప్పుడు మేము కబురు చేసింది అతనికే. బాబూ, నువ్వూ ఎవరింటికి వెళ్ళినా అలా వెళ్ళు.

భీమవరం నుంచి:

కడగడం గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మన బోరు నీళ్ళతో రికార్డు కడగొద్దు బ్రదర్. మీ పాలకొల్లు, మా భీమవరం, నరసాపురం, ఎక్కడ చూసినా ఉప్పే. నీళ్ళు ఆరాక ఆ ఉప్పంతా గాడిలో ఉండిపోతుంది, తర్వాత చిటపటలు. మెడికల్ షాపులోనో, బ్యాటరీల కొట్లోనో డిస్టిల్డ్ వాటర్ అడుగు. బ్యాటరీల కొట్లో యాసిడ్ కూడా అమ్ముతారు, డబ్బా మీద రాసింది చదివి తీసుకో. లీటరులో అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క చాలు. కొత్త మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, గాడి ఎటు పోతే అటే గుండ్రంగా తుడవాలి. మధ్యలో లేబుల్ తడవకూడదు. మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టు.

బూజు పట్టినవాటికి నీళ్ళలో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే బాగా వదులుతుంది. వరదల్లో మునిగిన ఇళ్ళలోవి కూడా ఒకటి రెండు నా చేతికొచ్చాయి. గాడిలో ఒండ్రు పేరుకున్నదాన్ని పొడిగా గీకితే ఇసుక కాగితంతో రుద్దినట్టే. ముందు నానాలి, తర్వాతే తుడవాలి.

రాజమండ్రి నుంచి:

భీమవరం గారూ, ఆల్కహాల్ సంగతి రాసేటప్పుడు ఎల్పీలకి మాత్రమే అని కూడా రాయండి. ఈ తమ్ముడి అటక మీద ఉన్నవాటిలో 78లు ఉండొచ్చు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరిగి పాడైపోతాయి. బరువుగా, పెళుసుగా ఉండి, ఎక్కువగా ఒక్కో వైపు ఒక్కో పాటే ఉంటే అది 78 అని గుర్తు. ఘంటసాల గారి పాతవి ఉంటే జాగ్రత్తగా దాచు తమ్ముడూ. బీటిల్స్ పాటలు కూడా మన దేశంలో 60ల్లో 78ల మీద వచ్చాయి. అవి బయటి దేశాల్లో చాలా ధర పలుకుతాయి, ఎక్కడన్నా కనిపిస్తే వదలకు.

పాలకొల్లు నుంచి:

చాలా థాంక్సండి. బావకి చెప్పాను, అది ఏసీ మోటారుదేనట, వద్దన్నాను. అటక మీదవాటిలో 78లు సగం పైనే ఉన్నాయి. ఇంకో సందేహం. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు వీజీ (వెరీ గుడ్), వీజీ ప్లస్, ఎన్‌ఎం (నియర్ మింట్) అని రాస్తున్నారు. వీజీ అంటే బాగున్నట్టే కదా? చేతిలోకి తీసుకుని చూసేటప్పుడు ఏం చూడాలి? జాజ్ అయితే మన వైపు అసలు కనబడటమే లేదు.

రాజమండ్రి నుంచి:

ఎన్‌ఎం అంటే కొత్తదానిలా ఉన్నది. వీజీ ప్లస్ అంటే వాడారు, జాగ్రత్తగా వాడారు. నీ బడ్జెట్‌కి అదే సరైనది. వీజీ అంటే పాట వెనక చిటపటలు వినిపిస్తాయి. గుడ్ అని రాశారంటే డబ్బు పెట్టకు. రాక్‌లో డ్రమ్స్ హోరులో చిటపటలు కొంత కలిసిపోతాయి. జాజ్‌లో బాస్ ఒక్కటే మెల్లగా నడిచే చోట ప్రతి గీతా బయటపడుతుంది. రాక్‌కి వీజీ తీసుకున్నా జాజ్‌కి వీజీ ప్లస్ దగ్గరే ఆగు.

చేతిలోకి తీసుకున్నప్పుడు ఫోన్ టార్చి వేసి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకో. సన్న గీతలు కవరులోంచి తీసి పెట్టడం వల్ల పడేవి, వాటికి భయపడకు. గోరుతో మెల్లగా తాకితే తగిలే గీత మాత్రం వినపడుతుంది. గాడికి అడ్డంగా ఉంటే చుట్టుకోసారి, అంటే 1.8 సెకన్లకోసారి టక్‌మంటుంది. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిదరంగు తిరిగిందంటే బరువైన నీడిల్ తినేసిందని అర్థం. గీత ఒక్కటీ లేకపోయినా అది కొనొద్దు. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ సన్నటి జాడలు ఎక్కువుంటే చాలాసార్లు వేశారన్నమాట. కళ్ళ ఎత్తులో అడ్డంగా పట్టుకుని వంపు చూడు. కొద్దిపాటి వంపు పర్వాలేదు. చివరగా, కవరులో ఆ రికార్డే ఉందో లేదో చూడు.

లోపల లేబుల్‌కీ పాటకీ మధ్య ఉన్న ఖాళీలో చెక్కిన నంబరు ఉంటుంది. దాన్ని డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్లో వెతికితే ఏ దేశపు ప్రెస్సింగో, అంటే ఎక్కడ అచ్చయిందో, ఇంతకుముందు ఎంతకి అమ్ముడుపోయిందో తెలుస్తుంది. అమ్ముతున్న ధర చూడకు, అమ్ముడుపోయిన ధర చూడు. మన దగ్గర ఎక్కువగా దొరికేవి కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయినవి. కవరు పల్చగా ఉంటుందని కొందరు చిన్నచూపు చూస్తారు గానీ, శుభ్రంగా ఉన్న కాపీ చక్కగా మోగుతుంది. ఇంగ్లండు ప్రెస్సింగే కావాలని పట్టుబట్టకపోతే ఖర్చు బాగా కలిసొస్తుంది. బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ వెంట మొదట్లోనే పడకు, వాటికి పోటీ ఎక్కువ. వెంచర్స్, షాడోస్, సంటానా లాంటివాటితో మొదలుపెట్టు.

జాజ్ సంగతి నువ్వన్నది నిజమే. బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లో, ఆర్మ్‌స్ట్రాంగ్ 1964లో మన దేశం వచ్చి వాయించారు గానీ, విన్నది పెద్ద నగరాల వాళ్ళే. 1978లో మొదలైన జాజ్ యాత్ర అనే సంగీతోత్సవం కూడా బొంబాయిలోనే. అందుకే జాజ్ కోసం కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్, బొంబాయి చోర్ బజార్ వైపు చూడాలి. ఆ ఊళ్ళలో చుట్టాలెవరన్నా ఉంటే వాళ్ళని పంపి వీడియో కాల్‌లో టార్చి వేయించి చూడు.

నీకైతే ముందు శక్తి బృందం వెతకమంటాను. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. మొదటి ఎల్పీ 1976లో వచ్చింది. తర్వాత రిమెంబర్ శక్తి అని మళ్ళీ కట్టిన బృందంలో మెక్‌లాఫ్లిన్ పక్కన మాండలిన్ వాయించింది మీ పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారే. మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన గిటారిస్టుకి ఎదురుగా కూర్చుని మన ఊరివాడు సమాధానం చెప్తుంటే వినాలి తమ్ముడూ. ఆ జాడ పట్టుకుని వెనక్కి వెళ్తే మెక్‌లాఫ్లిన్ అంతకుముందు నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రా, అక్కణ్ణుంచి మైల్స్ డేవిస్, జాజూ రాకూ రెండూ ఒకే దారిలో దొరుకుతాయి.

కాకినాడ నుంచి:

మా పిన్నిగారి పెట్టెలో ఎల్లింగ్టన్ ఒకటి మిగిలిందండి, అమలాపురం అబ్బాయి దగ్గర అప్పటికే ఉందట. కావాలంటే పాలకొల్లు బాబుకి బస్సు పార్శిల్లో వేయిస్తాను.

రాజమండ్రి నుంచి:

చాలా మంచి మాటండి. పంపేముందు రికార్డుని పైకవరులోంచి తీసి, లోపలి కాగితం కవరుతోనే బయట విడిగా పెట్టండి. లోపలే ఉంచితే దారిలో కుదుపులకి కవరు అంచు చిరుగుతుంది. రెండు వైపులా అట్టముక్కలు పెట్టి, మొత్తం ప్లాస్టిక్ సంచిలో చుట్టించండి, వానాకాలం కదా. తమ్ముడూ, పార్శిల్ వచ్చిందని మెసేజ్ రాగానే వెళ్ళి తెచ్చుకో. బస్టాండు గదిలో వేడికి వదిలేస్తే వంగిపోతుంది. ఇంటికి తెచ్చాక పడుకోబెట్టకుండా నిలబెట్టి పెట్టు, బీరువాలో అయినా సరే ఏటవాలుగా గోడకి ఆనకుండా.